సరిజోడు కుదిరితేనే సవారీ!

వేలు పోసి కొన్న టైరు రిమ్ముకి ఎక్కదు. కొత్తగా వేసిన చైను గేరు మార్చినప్పుడల్లా జారిపోతుంది. లోపం సైకిల్‌దీ కాదు, సామానుదీ కాదు. ఆ రెండింటికీ జోడీ కుదరలేదంతే!

పెళ్లి సంబంధం చూసేటప్పుడు ఇంటిపేరు ఒక్కటే అడిగి ముహూర్తం పెట్టేసుకునేవాళ్లు ఉండరు. నక్షత్రం, గోత్రం, చదువు, ఉద్యోగం... అన్నీ ఆరా తీశాకే తాంబూలాలు. సైకిల్‌ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఒక ఇరవయ్యారు టైరు ఇవ్వండి’ అని ఒక్క ముక్క చెప్పి, డబ్బులు కట్టి వచ్చేస్తారు. ఇంటికొచ్చి బిగించబోతే అప్పుడు తెలుస్తుంది, ఆ టైరుకీ ఈ రిమ్ముకీ పొసగదని.

వెనకటి నల్ల సైకిళ్లకి ఈ బాధ లేదు. అన్నిటికీ ఇంచుమించు ఒకటే చక్రం, ఒకటే చైను, ఒకటే పెడల్‌. శ్రీకాకుళంలో కొన్న సైకిల్‌కి ఆదిలాబాద్‌లో రిపేరు చేయించుకున్నా సామాను దొరికేది. గేర్ల సైకిళ్లు వచ్చాక కథ మారింది. ఒక్కో కంపెనీది ఒక్కో కొలత. ఒకే కంపెనీలో కూడా మోడల్‌ మోడల్‌కీ తేడా.

ఇంటి చుట్టూ నాలుగు వీధులు తిరిగేవారికి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. కానీ ఇప్పుడు సైకిల్‌ వీధి దాటింది. హైదరాబాద్‌లో ఔటర్‌ రింగ్‌ రోడ్డు పక్కన సోలార్‌ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్‌ ట్రాక్‌ 2023 అక్టోబరులో మొదలైంది. విశాఖ బీచ్‌ రోడ్డు మీద తెల్లవారుజామున సైకిళ్ల గుంపులు కనబడతాయి. బొజ్జ తగ్గించుకుందామని మొదలుపెట్టినవాళ్లు ఆర్నెల్లు తిరిగేసరికి ‘ఈసారి రెండొందల కిలోమీటర్ల రైడ్‌కి పేరిచ్చాను’ అంటున్నారు. అక్కడి నుంచీ ఈ జోడీల లెక్క సరదా వ్యవహారం కాదు. అర్ధరాత్రి హైవే పక్కన ఒంటరిగా నిలబడాలా, క్షేమంగా ఇంటికి చేరాలా అనేది దాని మీదే ఆధారపడుతుంది.

పందెం కాని పందెం

మామూలు మనుషులు పాల్గొనే సైకిల్‌ రైడ్లలో చాలా రకాలున్నాయి. ఇరవై ముప్ఫై కిలోమీటర్ల సరదా రైడ్లకి పిల్లలూ పెద్దలూ కలిసి వెళ్లొచ్చు. ఐక్యరాజ్య సమితి 2018లో జూన్‌ 3ని ప్రపంచ సైకిల్‌ దినంగా ప్రకటించాక ఆ రోజున ఇలాంటివి చాలాచోట్ల జరుగుతున్నాయి. వీటిలో చైను తెగినా ఆటో ఎక్కి ఇంటికి రావచ్చు.

అసలు పరీక్ష ‘బ్రెవే’ అనే దూరప్రయాణాల్లో. సైకిల్‌ మిత్రులు వీటినే బీఆర్‌ఎం అంటారు. ఫ్రాన్స్‌లో 1904లో పుట్టిన ఆడాక్స్‌ క్లబ్‌ పారిసియన్‌ నిబంధనల ప్రకారం జరిగే రైడ్లివి. మన దేశంలో 2010 తర్వాత ఊపందుకున్నాయి. దూరాన్నిబట్టి గడువు ఉంటుంది. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి 20 గంటలు, 400కి 27 గంటలు, 600కి 40 గంటలు. నవంబరు 1 నుంచి మరుసటి ఏడాది అక్టోబరు 31 లోపు ఈ నాలుగూ పూర్తిచేసినవారిని ‘సూపర్‌ రాండనర్‌’ అంటారు.

ఇందులో మొదటి స్థానం, రెండో స్థానం అంటూ ఉండవు. గడువు ముగియడానికి నిమిషం ముందు వచ్చినా పూర్తిచేసినట్టే. అందుకే నలభై దాటినవాళ్లు, యాభై దాటినవాళ్లు కూడా ధైర్యంగా పేరిస్తారు. కానీ ఒక షరతుంది. ఎవరి సైకిల్‌ని వాళ్లే చూసుకోవాలి. దారిలో కొన్నిచోట్ల ఉండే తనిఖీ కేంద్రాల్లో తప్ప ఇంకెక్కడా సొంత కారు వెనకాల వచ్చి సాయం చేయకూడదు. తోటి రైడర్‌ సాయపడొచ్చు, దారిలో కనబడిన షాపులో రిపేరు చేయించుకోవచ్చు. చిక్కేమిటంటే... పల్లెటూరి సైకిల్‌ షాపులో పంక్చర్‌ వేసే మనిషి ఉంటాడు గానీ, పదకొండు గేర్ల చైను ఉండదు!

200 కిలోమీటర్ల లెక్కే చూద్దాం. గంటకి 20 కిలోమీటర్ల చొప్పున తొక్కితే పది గంటలు పడుతుంది. మిగిలేది మూడున్నర గంటలు. టిఫిను, భోజనం, టీ, ఎండకి చెట్టుకింద కాసేపు కూర్చోవడం... అన్నీ అందులోనే. సరైన ట్యూబు వెంట ఉంటే పంక్చర్‌కి పావుగంట చాలు. తేడా ట్యూబు తెచ్చుకుంటే ఆ మూడున్నర గంటలూ అక్కడే కరిగిపోతాయి.

టెరోఁ గెలిచిన రహస్యం

ఈ సంగతి నూటముప్ఫై ఏళ్ల కిందటే రుజువైంది. 1891లో ఫ్రాన్స్‌లో ఒక పత్రిక పారిస్‌ నుంచి సముద్రతీరాన ఉన్న బ్రెస్ట్‌ ఊరికి వెళ్లి తిరిగొచ్చే సైకిల్‌ పోటీ పెట్టింది. దాదాపు 1,200 కిలోమీటర్లు. అప్పటికి గాలి టైర్లు కొత్త. వాటిని రిమ్ముకి జిగురుతో అంటించేవారు. పంక్చర్‌ పడితే ఊడదీయడం, అతికించడం, ఆరే దాకా ఆగడం... గంటల తరబడి పని. ఫ్రాన్స్‌కి చెందిన మిషలిన్‌ సోదరులు విప్పి మళ్లీ బిగించుకోగలిగే టైరుని ఆ ఏడాదే తయారుచేశారు. షార్ల్‌ టెరోఁ అనే సైక్లిస్టు ఆ టైర్లతోనే పోటీలో దిగాడు. మూడు రోజులు నిండకుండానే తిరిగొచ్చి గెలిచాడు. రెండో మనిషి వచ్చేసరికి ఇంకొన్ని గంటలు పట్టింది.

టెరోఁ కాళ్లలో సత్తువ ఉంది, కాదనలేం. కానీ దారిలో పాడైతే తన చేత్తో బాగుచేసుకోగల సామాను ఎంచుకోవడం కూడా ఆ గెలుపులో భాగమే. ‘పారిస్‌-బ్రెస్ట్‌-పారిస్‌’ ఇప్పటికీ నాలుగేళ్లకోసారి జరుగుతోంది. గడువు 90 గంటలు. 2023లో జరిగిన రైడ్‌కి మన దేశం నుంచి కూడా వెళ్లారు. సైకిళ్లు ఎంత మారినా అదే సూత్రం. దూరం పోయేవాడికి ఖరీదైన సామాను కన్నా కుదిరిన సామానే దిక్కు.

టైరు: పేరు కాదు, నంబరు

ముందు టైరు సంగతి. ఇరవయ్యారు అంగుళాల టైరు అంటే ఒకటే అనుకుంటాం. నిజానికి 26 పేరు మీద కనీసం మూడు నాలుగు కొలతలు తిరుగుతున్నాయి. పాత మౌంటెన్‌ సైకిళ్ల 26 వేరు, మామూలు సైకిళ్లకి వచ్చే 26 × 1 3/8 వేరు. మొదటి దాని రిమ్ముమీద టైరు కూర్చునేచోట వ్యాసం 559 మి.మీ. రెండోదానికి 590 మి.మీ. మూడు సెంటీమీటర్లకి పైగా తేడా! ఇక 28 సంగతి మరీ విడ్డూరం. మన నల్ల సైకిల్‌ 28 × 1 1/2 టైరు కొలత 635 మి.మీ. రోడ్‌ సైకిళ్ల 700సి, మౌంటెన్‌ సైకిళ్ల 29, చాలా విదేశీ సైకిళ్ల 28... ఈ మూడూ పేర్లు వేరైనా కొలత ఒకటే, 622 మి.మీ. పేరు ఒకటైతే కొలత వేరు, కొలత ఒకటైతే పేర్లు వేరు!

ఈ గందరగోళానికి మందు టైరు పక్కగోడ మీదే ఉంటుంది. 28-622, 37-622, 54-559... ఇలా మధ్యలో గీతతో రెండు అంకెలుంటాయి. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం. రెండో అంకె అచ్చంగా కలవాలి. ఒక్క మిల్లీమీటరు కూడా మినహాయింపు లేదు. మొదటి అంకె కొంచెం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు గానీ, ఆ వెడల్పు టైరు ఫ్రేముకీ బ్రేకుకీ రాసుకోకుండా తిరగాలి. వానాకాలం బురద పట్టినా చక్రం తిరిగేంత సందు ఉందా లేదా అని చూసుకోవాలి.

ట్యూబు కొంచెం మెత్తటి మనిషి. సాగే రబ్బరు కాబట్టి డబ్బా మీద రాసిన వెడల్పుల్లో దేనికైనా సర్దుకుంటుంది. కానీ వాల్వు దగ్గర పట్టు విడవదు. రోడ్‌ సైకిళ్లకి సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటుంది. మోటారు సైకిళ్లకి ఉండే లావుపాటిది ష్రేడర్‌. సన్నటి కన్నం ఉన్న రిమ్ములో లావు వాల్వు దూరదు. దాని కోసం రిమ్ముని రంధ్రం పెద్దది చేయించడం రిమ్ముని బలహీనపరచడమే. ప్రెస్టా వాల్వు వాడేవారు ఇంకో చిన్న వస్తువు జేబులో వేసుకోవాలి. దానిమీద బిగించే ఇత్తడి అడాప్టర్‌. అది ఉంటే పెట్రోలు బంకులోనో, మోటారు సైకిళ్ల పంక్చర్‌ షాపులోనో కూడా గాలి పట్టించుకోవచ్చు.

ఒక్క క్లిక్కు వెనక ఎంత లెక్కో!

గేరు మార్చే మీట నొక్కితే ‘టిక్కు’మంటుంది. చైను పక్క పళ్లచక్రం మీదికి దూకుతుంది. ఇది 1984లో జపాన్‌ కంపెనీ షిమానో ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి. అంతకు ముందు మీటని చేత్తో కొంచెం కొంచెం జరుపుతూ, చైను ఎక్కడ కుదురుకుందో శబ్దాన్నిబట్టి పోల్చుకునేవారు. ఆ రోజుల్లో ఏ కంపెనీ సామానైనా ఏదో ఒకలా సర్దుకునేది. క్లిక్కులు వచ్చాక సర్దుబాటు పోయింది. ఒక్కో క్లిక్కుకి మీట కేబుల్‌ని ఇంత అని లాగుతుంది. దానికి తగ్గట్టు వెనక డిరైలర్‌ ఇంత అని జరుగుతుంది. వెనక చక్రాల మధ్య ఎడం కూడా అంతే ఉండాలి. ముగ్గురిలో ఏ ఒక్కరు మాట తప్పినా చైను దారి తప్పుతుంది.

ఉదాహరణకి ఎనిమిది గేర్ల క్యాసెట్‌లో పక్కపక్క పళ్లచక్రాల మధ్య ఎడం 4.8 మి.మీ. తొమ్మిది గేర్లదానిలో 4.35 మి.మీ. తేడా అరమిల్లీమీటరు కూడా లేదు, ఏమవుతుందిలే అనుకుంటాం. నాలుగు క్లిక్కులు నొక్కేసరికి ఆ తేడా 1.8 మి.మీ. అవుతుంది. అప్పుడు చైను ఈ చక్రం మీదా కాకుండా, ఆ చక్రం మీదా కాకుండా మధ్యలో ఊగిసలాడుతుంది. ఎత్తు ఎక్కుతూ పెడల్‌ మీద బరువేసి నిలబడిన సమయంలో అలా జారితే మోకాలు హ్యాండిల్‌కి తగలడమో, మనిషే పడిపోవడమో ఖాయం.

చైన్లన్నిటికీ మేకుకీ మేకుకీ మధ్య దూరం ఒకటే, అర అంగుళం. అందుకే ఏ చైనైనా పళ్లచక్రం మీద కూర్చుంటుంది, చూడ్డానికి కుదిరినట్టే ఉంటుంది. తేడా అంతా మందంలో. ఎనిమిది గేర్ల చైను మందం 7 మి.మీ. పైచిలుకు, పదకొండు గేర్లది సుమారు 5.5 మి.మీ. లావు చైను సన్నటి సందులో పక్క చక్రానికి రాసుకుంటుంది. ఎన్ని గేర్ల క్యాసెట్‌ ఉందో అన్ని గేర్ల చైనే కొనాలి. చైను తెగితే కలిపే క్విక్‌ లింకు కూడా అదే గేర్ల సంఖ్యది కావాలి.

గేర్ల సంఖ్య కలిసినా ఇంకో గండం ఉంది. షిమానోలో తొమ్మిది గేర్ల దాకా రోడ్‌ సైకిల్‌ మీటతో మౌంటెన్‌ సైకిల్‌ వెనక డిరైలర్‌ పనిచేసేది. పది గేర్లకి వచ్చేసరికి రెండిటి కేబుల్‌ లెక్కా వేరుచేశారు. ‘రెండూ షిమానోయే, రెండూ పది గేర్లే కదా’ అని కొన్నవారికి చివరికి చిక్కే మిగులుతుంది.

ఒకటి మారిస్తే అయిదు

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు వదిలేది ఇక్కడే. తక్కువ ధర గేర్ల సైకిళ్లలో చాలావాటికి వెనక ఏడు గేర్ల ఫ్రీవీల్‌ ఉంటుంది. అది హబ్బుకి మరలాగా తిరిగి బిగుసుకుంటుంది. ఖరీదైనవాటికి క్యాసెట్‌ ఉంటుంది. అది హబ్బు మీది గాళ్లలోకి తొడుక్కుంటుంది. రెండూ బయటికి ఒకేలా కనబడతాయి. ఏడు గేర్ల సైకిల్‌ ఉన్నాయన ‘పదకొండు గేర్లు చేయిద్దాం’ అనుకుని క్యాసెట్‌ కొన్నాడనుకోండి. అది బిగించాలంటే హబ్బు మారాలి, అంటే చక్రమే మారాలి. చక్రం మారితే చైను మారాలి. ఆ వెంట డిరైలర్‌, మీటలు. ముందు పళ్లచక్రాలు కూడా పాతబడితే అవీ. కొత్త జోడు కొంటే దానికి తగ్గ పంచె, పంచెకి తగ్గ చొక్కా కొన్న చందమన్నమాట. చివరికి లెక్క చూసుకుంటే మంచి సైకిలే వచ్చేది.

ఉన్న చక్రానికే క్యాసెట్‌ పడుతుందా అన్నది కూడా చూడాలి. షిమానోలో ఎనిమిది, తొమ్మిది, పది గేర్ల క్యాసెట్లు ఒకే రకం హబ్బుకి పడతాయి. రోడ్‌ సైకిల్‌ పదకొండు గేర్ల హబ్బు వాటికన్నా 1.85 మి.మీ. పొడుగు. దాని మీద తొమ్మిది గేర్ల క్యాసెట్‌ వేయాలంటే 1.85 మి.మీ. వాషరు పెడితే సరిపోతుంది. పాత హబ్బు మీద కొత్త క్యాసెట్‌ మాత్రం మామూలుగా పట్టదు. పెద్దదానిలో చిన్నది సర్దుకుంటుంది, చిన్నదానిలో పెద్దది దూరదు!

అందుకే మొదటి 200 కిలోమీటర్ల రైడ్‌కి వెళ్లేవారు గేర్ల సంఖ్య పెంచాలని చూడనక్కర్లేదు. ఉన్న ఎనిమిదో తొమ్మిదో గేర్లు సాఫీగా పడేలా చూసుకుంటే చాలు. మొదట మార్చాల్సింది అరిగిన టైర్లు, సాగిన చైను, తెగబోయే కేబుళ్లు.

చైను సాగిందో లేదో చూడ్డానికి పిల్లల బడిసంచిలో ఉండే అంగుళాల స్కేలు చాలు. ఒక మేకు నడిమధ్య సున్నా పెట్టి కొలిస్తే, అక్కడి నుంచి 24వ మేకు నడిమధ్య సరిగ్గా 12 అంగుళాల దగ్గరికి రావాలి. అంగుళంలో పదహారో వంతు ముందుకి జరిగితే చైను మార్చే సమయం వచ్చినట్టు. ఎనిమిదో వంతు జరిగిందా, చైనుతో పాటు క్యాసెట్‌ పళ్లు కూడా అరిగిపోయి ఉంటాయి. అరిగిన పళ్ల మీద కొత్త చైను నిలవదు. వేళకి చైను మారిస్తే క్యాసెట్‌ ఖర్చు తప్పుతుంది.

ఎత్తు ఎక్కే లెక్క

అనంతగిరి కొండలెక్కినా, అరకు ఘాట్‌ ఎక్కినా మోకాళ్లకి తెలిసే విషయం ఒకటుంది. గేరు సరిపోకపోతే బలం ఉన్నా ఎక్కలేం. ముందు చిన్న పళ్లచక్రానికి 34 పళ్లు, వెనక పెద్దదానికి 25 పళ్లు ఉన్నాయనుకుందాం. 700సి చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. ఈ గేరులో గంటకి 8 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే పెడల్‌ నిమిషానికి 47 సార్లు తిరుగుతుంది. అంటే ఒక్కో తొక్కుడికీ బలమంతా పెట్టాలి. వెనక 34 పళ్ల చక్రం ఉంటే అదే వేగానికి 63 సార్లు తిరుగుతుంది. తొక్కుళ్లు ఎక్కువ, బరువు తక్కువ. నూటయాభై కిలోమీటర్లు తొక్కిన తర్వాత వచ్చే ఎత్తుమీద ఈ తేడా మోకాళ్లని కాపాడుతుంది.

మరి పెద్ద క్యాసెట్‌ కొనేయడమేనా? ఆగాలి. డిరైలర్‌ ఎన్ని పళ్ల చక్రం దాకా ఎక్కగలదో, ఎంత చైను వదులుని లాక్కోగలదో కంపెనీయే చెబుతుంది. ఈ రెండో దాని లెక్క సులువు. ముందు పెద్దచక్రం పళ్లలోంచి చిన్నదాని పళ్లు తీసేయాలి. వెనక కూడా అలాగే తీసి, రెండూ కలపాలి. ముందు 50-34, వెనక 11-25 అయితే 16, 14 కలిపి 30. వెనక 11-34 వేస్తే 16, 23 కలిపి 39. డిరైలర్‌ సామర్థ్యం 33 మాత్రమే అయితే మొదటిది కుదురుతుంది, రెండోది కుదరదు. పెద్ద క్యాసెట్‌ వేసి పాత పొట్టి చైనునే ఉంచితే మరీ ప్రమాదం. ముందూ వెనకా పెద్దచక్రాల మీదికి చైను వెళ్లినప్పుడు బిగిసిపోయి డిరైలర్‌నే పీకేస్తుంది.

బ్రేకు దగ్గర రాజీ వద్దు

గేరు కుదరకపోతే నడిపించుకుంటూ అయినా రావచ్చు. బ్రేకు కుదరకపోతే? రెండు చేతుల్లా నిలబడి రిమ్ముని పట్టుకునే వి-బ్రేకుకి, రోడ్‌ సైకిళ్ల క్యాలిపర్‌ బ్రేకుతో పోలిస్తే మీట దాదాపు రెట్టింపు కేబుల్‌ లాగాలి. క్యాలిపర్‌ మీటని వి-బ్రేకుకి తగిలిస్తే, అది హ్యాండిల్‌కి ఆనేదాకా నొక్కినా బ్రేకు సరిగ్గా పట్టదు. వి-బ్రేకు మీటని క్యాలిపర్‌కి తగిలిస్తే చేతికి గట్టిగా తగులుతుంది, పట్టు మాత్రం తక్కువ. హ్యాండిల్‌ మార్చి కొత్త మీటలు వేయించుకునేవారు షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

ఆయిల్‌ డిస్కు బ్రేకులున్నవారికి ఇంకో జాగ్రత్త. షిమానో బ్రేకుల్లో మినరల్‌ ఆయిల్‌ పోస్తారు. కొన్ని కంపెనీల బ్రేకుల్లో మోటారు వాహనాలకి వాడే డాట్‌ ఫ్లూయిడ్‌ పోస్తారు. ఒకదానిలో పోయాల్సింది ఇంకోదానిలో పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడై బ్రేకు పోతుంది. ఏది పోయాలో మీట మీదో మూత మీదో రాసి ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని చదవాలి!

చిన్న ముక్క, పెద్ద ముప్పు

పెడళ్లలో కుడిది మామూలు మర, ఎడమది ఎదురు మర. ఎడమదాన్ని గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిప్పితే బిగుస్తుంది. తెలియక బలవంతంగా తిప్పితే క్రాంకులోని మరలు చెడిపోతాయి. సీటు కింది గొట్టం 27.2 మి.మీ., 30.9 మి.మీ., 31.6 మి.మీ. ఇలా రకరకాల లావుల్లో ఉంటుంది. టేపుతో కొలిస్తే తేలేది కాదు. పాత గొట్టం మీద చెక్కిన అంకె చూడాలి.

అన్నిటిలోకీ ఎవరూ పట్టించుకోనిది డిరైలర్‌ హ్యాంగర్‌. వెనక డిరైలర్‌ని ఫ్రేముకి తగిలించే వేలెడంత అల్యూమినియం ముక్క. సైకిల్‌ పడితే ఫ్రేము వంగకుండా తాను వంగడం, అవసరమైతే విరగడం దాని పని. వందల ఆకారాల్లో ఉంటుంది. పక్కవాడి సైకిల్‌ది మన సైకిల్‌కి పట్టకపోవచ్చు. పెద్ద ఊళ్లోని షాపులో కూడా అడగ్గానే దొరకదు. అది విరిగితే సైకిల్‌ ఆగిపోయినట్టే. చైనుని కత్తిరించి ఒకే గేరు మీద ఇల్లు చేరే ఉపాయం ఉంది గానీ, దానికి చైను విప్పే పనిముట్టు వెంట ఉండాలి. సైకిల్‌ కొన్నప్పుడే ఒక హ్యాంగర్‌ అదనంగా కొని పెట్టుకోవడం తెలివైన పని.

బయల్దేరే ముందు...

కొత్త సామాను ఏదైనా రైడ్‌కి కనీసం రెండు వారాల ముందే బిగించాలి. దానితో ఒక వందో నూటయాభయ్యో కిలోమీటర్లు తొక్కి చూడాలి. కొత్త కేబుళ్లు మొదట్లో కొంచెం సడలుతాయి, మళ్లీ సరిచేయాల్సి వస్తుంది. కొత్త సీటు అయిదు కిలోమీటర్లకి హాయిగా ఉండి, యాభై కిలోమీటర్లకి శత్రువు కావచ్చు. సీటు ఎత్తు కూడా అంతే. రైడ్‌ రోజున ఏ ప్రయోగమూ చేయకూడదు.

సంచిలో రెండు ట్యూబులు, ప్యాచీలు, టైరు విప్పే లీవర్లు, గాలి పంపు, అలెన్‌ కీలు, చైను పనిముట్టు, క్విక్‌ లింకు, హ్యాంగర్‌ ఉంటే చాలావరకు గండాలు గట్టెక్కినట్టే. అవన్నీ ఉండటం ఒక ఎత్తు, వాడటం తెలియడం ఇంకో ఎత్తు. వెనక చక్రం విప్పి, ట్యూబు మార్చి, తిరిగి బిగించడం ఇంట్లో నాలుగుసార్లు చేయాలి. ఒకసారి దీపం ఆర్పేసి, సైకిల్‌ లైటు వెలుతురులో చేసి చూడాలి. చీకట్లో హైవే పక్కన చేయాల్సి వచ్చేది అదే కదా!

హెల్మెట్‌, ముందు తెల్లలైటు, వెనక ఎర్రలైటు, మెరిసే జాకెట్‌ విషయంలో బేరాలు లేవు. నిర్వాహకులు తనిఖీ చేస్తారని కాదు, వెనకొచ్చే లారీ డ్రైవరుకి కనబడాలని. నలభై దాటినవారు, బీపీ, షుగరు ఉన్నవారు డాక్టరుని అడిగాకే పేరివ్వాలి. నిద్ర ముంచుకొస్తే బస్‌షెల్టరులో అరగంట నడుం వాల్చడం మంచిది. మధ్యలో మానేసి రావడం కూడా తప్పేం కాదు. రైడ్‌ వచ్చే నెల మళ్లీ ఉంటుంది.

ఇంట్లో ఒక చీటీ

రేషన్‌ కార్డు నంబరు, గ్యాసు బుక్కు నంబరు, కరెంటు మీటరు నంబరు ఒకచోట రాసిపెట్టుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ పక్కనే సైకిల్‌కీ ఒక పేజీ కేటాయించాలి. టైరు మీది రెండు అంకెలు, వాల్వు రకం, గేర్లెన్ని, ఫ్రీవీలా క్యాసెట్టా, వెనక పళ్లెన్ని, డిరైలర్‌ మోడల్‌ నంబరు, బ్రేకు రకం, ఆయిల్‌ ఏది, సీటు గొట్టం లావెంత, హ్యాంగర్‌ ఫొటో ఒకటి. పది నిమిషాల పని. షాపుకి ఎవరు వెళ్లినా తప్పు సామాను రాదు. రైడ్‌ మధ్యలో ఫోన్‌ చేసి ‘ఫలానాది పాడైంది’ అంటే, ముందున్న తనిఖీ కేంద్రానికి ఏది పంపాలో ఇంట్లోవాళ్లకీ తెలుస్తుంది. ఏ కేంద్రానికి ఎన్నింటికి చేరాలో ఆ వేళలు కూడా అదే పేజీలో రాసి వెళితే, ఆ రాత్రి ఇంట్లోవాళ్లూ కాస్త కునుకు తీస్తారు.

సైకిల్‌ షాపులో మెరిసే సామాను చాలా ఉంటుంది. ధర చూసి మోజుపడే ముందు నంబరు చూడటం అలవాటైతే, డబ్బూ మిగులుతుంది, దారీ సాగుతుంది.